ఖాతాకు ఎండ్రకాయ బొక్కలు

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఎండ్రకాయ బొక్క సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. సాయంత్రం మడవ కట్టి నీళ్లు నిండుగా పెట్టి ఇంటికొస్తాం. తెల్లారి పోయి చూస్తే మడి ఎండి ఉంటుంది. గట్టు తెగలేదు, మడవ ఎవరూ మార్చలేదు. గట్టు అడుగున వేలెడంత బొక్క పడి, రాత్రంతా నీరు వాగులోకి పోయింది. గండి పడితే ఊరంతా పరుగెత్తుకొస్తారు గానీ ఎండ్రకాయ బొక్కను ఎవరూ పట్టించుకోరు.

మన బ్యాంకు ఖాతాలకు కూడా ఇప్పుడు ఇలాంటి బొక్కలే పడుతున్నాయి. ఎరువుల కొట్టులో బస్తాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుంటే గొడవ పెట్టుకుంటాం. అదే వాడని సిమ్ముకు, చూడని చానళ్లకు, ఎవరో నొక్కిన యాప్‌కు నెలనెలా పోయేదాన్ని మాత్రం అడగం. అది చేతినుంచి పోదు కాబట్టి పోయినట్లే అనిపించదు.

పైగా ఎకరం, రెండెకరాల రైతుకు నెల జీతం లేదు. డబ్బు వచ్చేది ఏడాదికి నాలుగైదు సార్లు. పత్తి తీసినప్పుడు, మిర్చి అమ్మినప్పుడు, పి.ఎం. కిసాన్ విడత 2 వేలు పడినప్పుడు. 2025 ఆగస్టులో మన రాష్ట్రంలో అన్నదాత సుఖీభవ 5 వేలు, పి.ఎం. కిసాన్ 2 వేలు కలిపి 7 వేలు పడ్డాయి. ఆ డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకు పోయినప్పుడు కొందరికి వంద తక్కువ, కొందరికి మూడొందలు తక్కువ ఉంది. ఎందుకు తగ్గిందో అడిగినవాళ్లు తక్కువ. 'ఏదో కట్టయిందంట' అనుకుని వచ్చేశారు.

ఒక ఇంటి లెక్క

ఈ మధ్య ఒక పల్లెలో రెండెకరాల రైతు ఇంట్లో కూర్చుని ఆయన పాసుపుస్తకాలు, సెల్లుఫోన్లు ముందు పెట్టుకుని ఏడాది లెక్క రాశాం. ఆయనకు రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి. ఒకటి జన్‌ధన్ ఖాతా, ఇంకొకటి పంటరుణం కోసం తెరిచింది.

ఫోనులో రెండో సిమ్ము ఉంది. దానికి ఫోను చేసేవాళ్లు లేరు. అయినా 'నంబరు పోతుందేమో' అని 28 రోజులకోసారి 199 రూపాయలు వేయిస్తున్నారు. ఏడాదికి 13 సార్లు, అంటే 2,587 రూపాయలు. డిష్షుకు నెలకు 350 రూపాయల ప్యాకేజి కడుతున్నారు. అందులో వాళ్లింట్లో చూసేది ఆరేడు చానళ్లు. నెలకు 200తో సరిపోయే ప్యాకేజి ఉందని ఆపరేటరే చెప్పాడు. ఏడాదికి తేడా 1,800. కొడుకు ఎప్పుడో ఎక్కించుకున్న సినిమాల యాప్‌కు నెలకు 149 చొప్పున అయిదు నెలలు పోయింది 745. రుణఖాతా ఉన్న బ్యాంకులో ఎస్.ఎం.ఎస్. చార్జీ మూడు నెలలకు 17.70 చొప్పున 70.80. అదే ఖాతా మీద ఇచ్చిన ఏ.టి.ఎం. కార్డు ఇంతవరకు కవరులోంచి బయటికి రాలేదు, దానికి ఏడాది చార్జీ 147.50. ఇక జీవన జ్యోతి బీమా ప్రీమియం 436 రూపాయలు రెండు ఖాతాల్లోనూ కట్టయింది. ఒకటి చాలు, రెండోది వృథా. ఎందుకో కింద చెబుతాను.

మొత్తం 5,786 రూపాయల 30 పైసలు. డి.ఎ.పి. బస్తా 1,350 లెక్కన నాలుగు బస్తాలు, పైన 266 రూపాయల 50 పైసల యూరియా కట్ట ఒకటి వస్తాయి. ఆ మాట చెప్పగానే ఆయన భార్య లోపలినుంచి వచ్చి, 'డి.ఎ.పి.కని మొన్న నా దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెప్పించాడు' అంది. ఆయన ఏమీ మాట్లాడలేదు.

ఇది గొప్ప ఖర్చులున్న ఇల్లు కాదు. మీ ఇంటి లెక్క ఇంతకు తక్కువే ఉండొచ్చు, ఎక్కువా ఉండొచ్చు. రాసి చూస్తేగానీ తెలియదు.

పాసుపుస్తకంతో మొదలు

ముందు పాసుపుస్తకాలన్నీ బ్యాంకుకు తీసుకుపోయి ఏడాది పద్దులు ప్రింటు వేయించండి. రద్దీ లేని రోజున పోతే మంచిది. ఇంటికి తెచ్చి, చదువుకునే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, డబ్బు పోయిన ప్రతి వరుస కింద గీత గీయించండి. మీరు స్వయంగా తీసింది కాకపోతే అది ఏమిటో తేలాలి.

వాటిలో తరచు కనిపించేవి కొన్నే. ఎస్.ఎం.ఎస్. అని ఉంటే ఫోనుకు వచ్చే సమాచారం ఖర్చు. ఏ.ఎం.సి. అని ఉంటే ఏ.టి.ఎం. కార్డు ఏడాది చార్జీ. మినిమమ్ బ్యాలెన్సు లేదా ఎం.ఏ.బి. అని ఉంటే ఖాతాలో ఉండాల్సినంత లేదని వేసిన జరిమానా. ఎన్.ఏ.సి.హెచ్. లేదా ఏ.సి.హెచ్. అని ఉంటే, మీరు ఎప్పుడో సంతకం పెట్టిన కాగితాన్ని బట్టి ఏదో కంపెనీ వాయిదా లాక్కుంటోందని అర్థం. ఈ చివరిదాంతో జాగ్రత్త. ఫోను వాయిదాలు తీరిపోయినా ఆ కాగితం రద్దు కాకపోతే కంపెనీ మళ్లీ డబ్బు అడగవచ్చు. ఖాతాలో డబ్బు లేకపోతే వాయిదా తిరిగిపోయినందుకు బ్యాంకు విడిగా చార్జీ వేస్తుంది, దానిమీద జి.ఎస్.టి. కూడా. తీరిపోయిన వాయిదా ఇంకా వస్తుంటే దాన్ని రద్దు చేయమని బ్యాంకులో అర్జీ ఇచ్చి, అందినట్లు మీ దగ్గరున్న కాపీ మీద ముద్ర వేయించుకోండి.

మినిమమ్ బ్యాలెన్సు జరిమానా పడుతున్నవాళ్లకు ఒక మార్గం ఉంది. మీ ఖాతాను బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అడగవచ్చు. అందులో సున్నా ఉన్నా జరిమానా లేదు, కార్డుకు ఏడాది చార్జీ లేదు. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ ఖాతాలు ఈ రకానివే. అయితే ఒకే బ్యాంకులో ఇది ఉండగా ఇంకో మామూలు సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే సేవింగ్స్ ఖాతాలకు ఈ జరిమానా ఎత్తేసింది. జరిమానాల వల్ల ఖాతా మైనస్‌లోకి పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. కేవలం ఆ జరిమానాతో సేవింగ్స్ ఖాతాను మైనస్‌లోకి దించకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. 2015 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది.

జన్‌ధన్ ఖాతా మీద ఇచ్చిన రూపే కార్డును మాత్రం మూల పడేయకండి. దానికి ప్రమాద బీమా ఉంది. కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒక్కసారయినా ఆ కార్డు వాడి ఉండాలి. ఏ.టి.ఎం.లో వంద రూపాయలు తీసినా వాడినట్లే.

కోయకూడని మొక్క

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

2020 జూన్‌లో టీకొట్టు దగ్గర తెలిసిన కౌలురైతు ఒకాయన నన్ను ఆపి, 'అన్నా, బ్యాంకోళ్లు పన్నెండు రూపాయలు కోశారు, ఏంది కత?' అని అడిగాడు. ఆ పూట నాకు బ్యాంకుల మీద మంట ఉంది. నా ఖాతాలోనూ ఏవో చార్జీలు పోయాయి. పాసుపుస్తకం చూపించమనయినా అనకుండా, 'నువ్వు అడగని కోతలన్నీ ఆపించెయ్, కాగితం రాసివ్వు' అన్నాను. ఆయన మాట వినే మనిషి. ఆ వారమే రాసిచ్చాడు.

2021 ఆగస్టులో మోటారు స్టార్టరు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. దినాలయ్యాక ఆయన భార్య పాసుపుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. 'అన్నయ్యా, పన్నెండు రూపాయల బీమా ఏదో ఉంటదంటగా, కాస్త చూడు' అంది. 2020 మే నెల చివర ఆ 12 రూపాయల పద్దు ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమా అని పక్కనే రాసి ఉంది. 2021 మే నెలలో ఆ పద్దు లేదు. ఉంటే ఆమెకు 2 లక్షలు వచ్చేవి. నేను ఆమెకు నిజం చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

అందుకని, కోతలన్నీ ఆపమని ఇప్పుడు ఎవరికీ చెప్పను. పత్తి చేలో కలుపు తీసే కూలీ కూడా ముందు మొక్కేదో చూసి దంతె వేస్తుంది. ఆ మాత్రం నాకు ఆ రోజు తోచలేదు.

సురక్షా బీమా ప్రీమియం 2022 జూన్ నుంచి ఏడాదికి 20 రూపాయలయింది. 18 నుంచి 70 ఏళ్లవారు చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. పాముకాటు, చెట్టుమీంచి పడటం వంటివి కూడా ఆసుపత్రి కాగితం ఉంటే ఇందులోకి వస్తాయి. కాబట్టి పాము కరిస్తే నాటువైద్యుడి దగ్గర ఆగిపోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రాణానికీ అదే మేలు. జీవన జ్యోతి ప్రీమియం 436. 18 నుంచి 50 ఏళ్లలోపు చేరినవారికి 55 ఏళ్లదాకా ఉంటుంది. మరణం ఏ కారణంతో జరిగినా 2 లక్షలు వస్తాయి. ఈ రెండూ మే నెల చివర కట్టయి, జూన్ 1 నుంచి మరుసటి మే 31 దాకా నడుస్తాయి.

రెండు బ్యాంకుల్లో ఖాతాలుండి రెండింటిలోనూ ఒకే బీమా కట్టయితే నాలుగు లక్షలు వస్తాయనుకునేవాళ్లున్నారు. రావు. మనిషికి ఒక్కొక్క పథకం కింద 2 లక్షలే. రెండోచోట కట్టింది పోయినట్లే. అందుకే పైన చెప్పిన రైతు రుణఖాతాలో ఉన్న 436 రూపాయల కోతను ఆపించి, జన్‌ధన్ ఖాతాలోది ఉంచుకున్నారు. ఆపించే ముందు మిగతా ఖాతాలో అది నిజంగా కట్టయిందో లేదో కళ్లతో చూసుకోండి. నామినీ పేరు సరిగా ఉందో లేదో కూడా.

సెల్లుఫోను, సిమ్ములు

నెల అంటే 30 రోజులని మనం అనుకుంటాం, కంపెనీల నెల 28 రోజులు. దానివల్ల ఏడాదికి 12కు బదులు 13 రీచార్జీలు పడతాయి. ఇంట్లో మూడు ఫోన్లుంటే మూడు రీచార్జీలు అదనం. ఈ గొడవ మీద ట్రాయ్ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, నెలనెలా ఒకే తేదీకి వచ్చే ప్లాను ఒకటి తప్పకుండా పెట్టాలి. కొట్టువాడు చెప్పడు, మనమే అడగాలి.

ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర బటన్ల ఫోనుంటుంది. దానికి నెట్టు అక్కర్లేదు. అయినా రోజుకు ఒకటిన్నర జి.బి. ఉన్న ప్లానే వేయిస్తున్నాం. నెట్టు లేకుండా మాటలకు, ఎస్.ఎం.ఎస్.లకు మాత్రమే ప్లాను పెట్టి తీరాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. 2025 జనవరి నుంచి కంపెనీలు అలాంటివి అమ్ముతున్నాయి. అవి ఎక్కువగా మూడు నెలలకో, ఏడాదికో ఉంటాయి. మిర్చి డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఒకేసారి వేయించుకుంటే సరి. ముందు రోజు లెక్క కట్టి చూసుకోండి, అన్నిసార్లూ పెద్ద ప్లానే చవక కాదు.

పాటల ట్యూన్లు, క్రికెట్ స్కోర్లు, జాతకాలు అంటూ బ్యాలెన్సు పోతుంటే 155223కు ఫోను చేసి ఆపించవచ్చు. ఖర్చు లేదు.

మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో తెలుసుకునే సౌకర్యం మన దగ్గరే ముందు మొదలయింది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తెచ్చారు. ఇప్పుడది సంచార్ సాథీలో ఉంది. మీ నంబరు కొడితే ఓ.టి.పి. వస్తుంది, అది వేస్తే జాబితా చూపిస్తుంది. మీవి కానివి, అక్కర్లేనివి అక్కడే వద్దని పెట్టవచ్చు.

అయితే రెండో సిమ్ము తీసేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఆధార్‌లో ఉన్నది ఏ నంబరు? బ్యాంకులో ఇచ్చింది ఏ నంబరు? ఆ నంబరే వదిలేస్తే పి.ఎం. కిసాన్ ఇ-కేవైసీకి ఓ.టి.పి. రాదు. కొన్నాళ్లకు కంపెనీ ఆ నంబరును వేరేవాళ్లకు అమ్ముతుంది, అప్పుడు మీ ఓ.టి.పి. వాళ్లకు పోతుంది. ముందు ఆధార్ కేంద్రంలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. 2025 అక్టోబరు నుంచి దీనికి ఫీజు 75 రూపాయలు. తర్వాత బ్యాంకులో మార్చాలి. ఆ తర్వాతే పాత సిమ్ము విరిచెయ్యండి.

ఒక్క రూపాయి ఎర

కుర్రాళ్ల ఫోన్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న మోసంలాంటి వ్యాపారం ఇది. చట్టప్రకారం మోసం కాదు, అదే బాధ. 'ఒక్క రూపాయికి సినిమాలు చూడండి' అని వస్తుంది. రూపాయే కదా అని పిన్ను కొడతారు. ఆ పిన్ను రూపాయికి మాత్రమే కాదు, నెలనెలా డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి కూడా. దీన్నే ఆటోపే అంటారు.

యాప్ తీసేస్తే కోత ఆగుతుందని చాలామంది నమ్మకం. ఆగదు. అనుమతి ఉన్నది ఆ యాప్‌లో కాదు, మీరు డబ్బు పంపే యాప్‌లో. అందులో మీ ఫొటో ఉన్నచోట నొక్కి ఆటోపే అన్నచోటికి పోతే ఎవరెవరికి అనుమతి ఇచ్చారో జాబితా ఉంటుంది. ఒక్కొక్కటి తెరిచి రద్దు నొక్కాలి. డబ్బు తీసుకునేందుకు 24 గంటల ముందు మీకు కబురు పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మెసేజి ఇంగ్లీషులో వస్తుంది కాబట్టి ప్రకటన అనుకుని తోసేస్తున్నాం. పిల్లల్ని తిట్టకుండా కూర్చోబెట్టి చూపించమనండి. తిడితే దాచిపెడతారు, కోత నడుస్తూనే ఉంటుంది.

డిష్షు, ఇంకా కొన్ని

2019 నుంచి చానళ్లు విడివిడిగా ఎంచుకునే వీలు వచ్చింది. ఇంట్లో అందరూ చూసే చానళ్ల పేర్లు కాగితం మీద రాసి ఆపరేటరుకు ఇవ్వండి. నాట్లప్పుడు, మిర్చి కోతలప్పుడు ఇంట్లో టీవీ పెట్టే తీరికే ఉండదు. డిష్షు ముందు కట్టేది కాబట్టి ఆ నెల వేయకపోతే అప్పేమీ పడదు. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌కు నెల చందా లేదు. పెట్టె, గొడుగు ఒకసారి కొంటే చాలు. కానీ ఆడవాళ్లు చూసే సీరియళ్ల చానళ్లు చాలావరకు అందులో రావు. అది ముందే చెప్పి కొనండి, ఇంట్లో గొడవకు నేను బాధ్యుణ్ణి కాను.

పేపరు కూడా చదవకుండా అటక మీదికి పోతుంటే మానేయవచ్చు. ఈ వాక్యం అచ్చులో ఉంటుందో, ఎడిటరుగారు కొట్టేస్తారో చూడాలి.

పాత ఇల్లు పాడుబడి తాళం వేసి ఉంటే దాని మీటరు చూడండి. ఒక్క బల్బు వెలగకపోయినా కిలోవాట్ల లెక్కన స్థిరచార్జి పడుతూనే ఉంటుంది. అక్కర్లేని మీటరు తీసేయమని విద్యుత్ కార్యాలయంలో అర్జీ పెట్టవచ్చు. ఇంట్లో వాడని గ్యాసు కనెక్షను ఉంటే సిలిండరు, రెగ్యులేటరు వాపసు చేసి డిపాజిటు తీసుకోవచ్చు. కనెక్షను తీసుకున్నప్పుడు ఇచ్చిన ఓచరు కాగితం మీద ఎంత ఉంటే అంత వస్తుంది.

రుణం ఇచ్చేటప్పుడు 'ఇది కూడా తీసుకోండి' అని అంటగట్టిన బీమా పాలసీ ఉంటే, కాగితం చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని తిప్పి ఇచ్చేయవచ్చు. ఆ గడువు దాటినవాటిని, ఎల్.ఐ.సి. పాలసీలను మాత్రం కోపంతో మధ్యలో ఆపకండి. ఇప్పుడు మానేస్తే ఎంత తిరిగి వస్తుందో బ్రాంచిలో రాయించుకుని అప్పుడు ఆలోచించండి.

ఖాతా మూసే ముందు

వాడని ఖాతా మూసేయడం మంచిదే. కానీ పి.ఎం. కిసాన్ డబ్బు మీరు కాగితంలో రాసిచ్చిన ఖాతాకే పోవాలని లేదు. ఆధార్ ముడిపడిన ఖాతాకు పోతుంది. మూసేది అదే అయితే విడత ఆగిపోతుంది. ఏ ఖాతాకు ముడి ఉందో బ్యాంకులో గానీ సచివాలయంలో గానీ అడిగి, ముడి మార్పించుకుని, ఒక విడత కొత్తదాంట్లో పడ్డాక పాతది మూయండి. రెండేళ్లు అసలు వాడకుండా ఉన్న ఖాతాకు మినిమమ్ బ్యాలెన్సు జరిమానా వేయకూడదు, మళ్లీ తెరిపించుకోవడానికి చార్జీ కూడా తీసుకోకూడదు.

మీరు రాసిచ్చినా కోత ఆగకపోతే ముద్ర వేయించుకున్న కాపీ దాచుకుని నెల రోజులు చూడండి. బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు వారి 14448కు ఫోను చేసి ఎలా ఫిర్యాదు చేయాలో అడగండి. దీనికి ఫీజు లేదు. ఫోను కంపెనీ, డిష్షు, యాప్‌ల మీద అయితే వినియోగదారుల సహాయ నంబరు 1915.

ఇక మే నెల చివరి వారానికి ఖాతాలో 456 రూపాయలు తప్పకుండా ఉంచండి. అది 436, 20 కలిపి. చాలామంది ఖాతాలు ఆ నెలలో ఖాళీగా ఉంటాయి, కౌలు కట్టాలి, విత్తనాలు తేవాలి. ఆ వారంలో డబ్బు లేకపోతే బీమా దానంతటదే ఆగిపోతుంది. జూన్ మొదటి వారంలో పాసుపుస్తకం ప్రింటు వేయించి, రెండు పద్దులూ పడ్డాయో లేదో చూసుకోండి.